జవాబుల చీటీ

ఆదోని పాలిటెక్నిక్, రెండో అంతస్తు ల్యాబు.
నలభై కంప్యూటర్లు, మూడింటికి పైమూత లేదు.
కిటికీ అవతల జిన్నింగు మిల్లు
రాత్రంతా గింజనీ దూదినీ విడదీస్తూనే ఉంటుంది.
ఎగిరొచ్చిన దూది కొంత
మా ఫ్యాన్ల రెక్కల మీద పడుకుంటుంది.

పదకొండేళ్లు
ఒక్కో యంత్రం ముందూ మోకాళ్ల మీద కూర్చున్నాను
చేతిలో సీడీతో.
ఏ భాష? ఏ దేశం? గడియారం ఏ ఊరిది?
షరతులకు ఒప్పుకుంటావా?
డిస్కులో ఉన్నదంతా చెరిపేయనా?
రేషను కార్డు సర్వేకొచ్చినవాడిలా
అవే ప్రశ్నలు, నలభై గడపలు.
అవును, అవును, అవును.
తెల్లారేసరికి నా మెడ దానంతటదే ఊగేది.

ఈ ఎండాకాలం సెలవుల్లో వేరే దారి నేర్చుకున్నాను.
మూలనున్న పాత సర్వరులో
ఒక చీటీ రాసిపెట్టాను,
అడగబోయే ప్రతిదానికీ ముందే జవాబు.
పరీక్షహాల్లో చీటీ దొరికితే
పిల్లోణ్ణి రెక్కపట్టి బయటికి పంపే మనిషిని,
నలభై మందికీ ఒకే చీటీ అందించాను.

రాత్రి తొమ్మిది. కరెంటుంది. మీట నొక్కాను.
కడుపులో ఏమీ లేని యంత్రం,
తన పేరు కూడా తెలియని యంత్రం
తీగలోకి నోరు పెట్టి
వీధంతా వినబడేలా కేకేసింది:
"ఎవరన్నా ఉండారప్పా? నేనెవర్నో చెప్పండప్పా!"
సర్వరు దాని పుట్టుమచ్చ చూసింది.
నువ్వు పదమూడు. ఇదిగో నీ ఇంటి నంబరు.
ఇదిగో గింజ, లోపల నాటుకో.
తర్వాత పద్నాలుగు. తర్వాత
అన్నీ ఒక్కసారే అరిచాయి.

కాళ్లు చాపి
పొట్లంలో చల్లారిన ఉగ్గాని తిన్నాను.
ఎవరూ నన్నేమీ అడగలేదు.
పనిలేని చేతులు ఇంత బరువుంటాయని
అప్పటిదాకా తెలియదు.

పొద్దున ల్యాబు ఊడ్చే లాలమ్మ వచ్చింది.
చీపురు గోడకానించి
పంతొమ్మిదో దాని ముందు నిలబడింది.
"సార్, దీన్లో నాదొకటి ఉండె."
ఏముండె?
చాలాసేపు చెప్పలేదు.
రోజూ సాయంత్రం తాళమేసే ముందు పావుగంట,
ఒంటివేలితో అక్షరం వెతుక్కుంటూ
వాళ్ల చిన్నమ్మ చెప్పిన పొడుపుకథలు కొట్టిందంట.
డెబ్బై దాకా.
"పగిలితేనే నవ్వుతాది, నవ్వితేనే దోచుకుంటారు.
ఏందో చెప్పు సార్?"
నేను తెరకేసి చూశాను, అక్కడుంటుందన్నట్టు.
"జవాబులు రాయల్యా సార్. రాసేస్తే ఇంకేముండాది?"

చెరిపేయనా అన్న మాటకు
అవునని రాసిన చెయ్యి నాదే, ముందురోజే,
పంతొమ్మిదో దాని మొహం కూడా చూడకుండా.
ఆ సంగతి చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను.
"పోతే పోనీల్యా సార్,
యేళ్లకు గుర్తుండాయి కొన్ని," అని
బకెట్టు తీసుకుని వరండాలోకి పోయింది.
అంతకు మించి ఏమీ అనలేదు.
అంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నం చీటీ తెరిచి
ఒక్క వరుస కొట్టేశాను.
జవాబు దొరక్కపోతే ఆగి అడుగుతుంది,
యంత్రానికి ఆ గుణం ఇంకా ఉంది.

జూన్‌లో మళ్లీ ఎక్కించినప్పుడు
నలభైకి నలభై అక్కడే నిలబడిపోయాయి.
చెరిపేయనా?
ఇంతోటి దానికి సర్వరెందుకయ్యా అని
హెచ్‌ఓడీ గారి సణుగుడు.
నేను వరసల మధ్య నడుస్తున్నాను
ఒక్కో కుర్చీ దగ్గరా ఆగి,
ఇక్కడెవరిదన్నా ఏమన్నా ఉందా అని.
ఇరవై ఆరో దాని దగ్గర
ఎవర్నడగాలో తెలియక
కాసేపు నిలబడ్డాను.
మిల్లులో షిఫ్టు మారింది.
కీబోర్డు సందులో ఇరుక్కున్న దూదిపోచ
నా ఊపిరికి కదులుతోంది.